తృష్ణ యెవ్వరిది?

కోరికయే దుఃఖమునకు మూలమని బుద్ధభగవానుడు సెలవిచ్చెను గావున, దరిద్రుడు తన దారిద్ర్యమునకు వగవక, కోరికలను తగ్గించుకొని సుఖింపవలెనట! వైశాఖ పూర్ణిమ వచ్చినంతనే మన సభావేదికలపై నీ ధర్మపన్నము వినవచ్చుచుండును. పలుకువారు పలుకుదురు, పూలమాలలు పడును, వినువారు తలలూపి యిండ్లకు బోవుదురు. చెప్పినవారిలో నొక్కరైనను తన భూమిలో నొక సెంటును గాని, తన వడ్డీలో నొక కాసును గాని తగ్గించుకొన్నట్లు మాత్రము మేము విని యెరుగము. కోరికను విడువవలసినవాడు ఎప్పుడును ఎదుటివాడే!

ఈ వ్యాఖ్యానము బుద్ధునిది కాదు. ఇది బుద్ధుని మాటను తలక్రిందులుగా నిలిపి, దానిపై నెక్కి కూర్చున్నవారి వ్యాఖ్యానము. ఒక మహాపురుషుని బోధ కాలక్రమమున మరుగుపడుట లోకమున క్రొత్త గాదు. కాని యెవ్వరి రోగమును కనిపెట్టుటకై యాతడు జీవితమును ధారపోసెనో వారు వైద్యులై కూర్చుండి, యెవ్వరిపై నాతడు జాలిగొనెనో వారికే చేదుమందు త్రాగించుట మాత్రము సహింపరాని విషయము. కావుననే నేడీ ప్రసంగమునకు బూనితిమి.

మొదట మాటను జూతము. వారణాసి చెంత ఋషిపత్తనమున అయిదుగురు భిక్షువులకు భగవానుడు చేసిన తొలి బోధలో దుఃఖసముదయముగా చెప్పబడినది ‘తణ్హా’, అనగా తృష్ణ. దానిని మూడు తెరగులుగా నాతడు విభజించెను. ఇంద్రియభోగములకై పరుగెత్తునది కామతృష్ణ. నేనిట్లే యుండవలెను, ఇంకను ఇంకను ఉండవలెనని పట్టుకొని వ్రేలాడునది భవతృష్ణ. అంతయు నాశనమైపోయిన బాగుండునని విసిగి కోరునది విభవతృష్ణ. ఇవి దప్పిక వంటివి, త్రాగినకొలది పెరుగునవి. కూలివాడు తన కూలి తనకు ముట్టవలెననుట దీనిలో నెచ్చట ఇముడును? బిడ్డకు జ్వరము వచ్చిన తల్లి మందును గోరుట ఏ తృష్ణ?

పాళి భాషలో కోరికకు మరియొక మాట కలదు: ‘ఛందము’. అది చెడ్డదియు కావచ్చును, మంచిదియు కావచ్చును. రాగముతో కలిసిన ఛందమును భగవానుడు నిందించెను. కాని సమ్యగ్వ్యాయామమును వివరించుచోట, పాపమును తొలగించుటకును పుణ్యమును పెంచుటకును భిక్షువు ఛందమును పుట్టించుకొనవలెనని తానే విధించెను. నాలుగు ఋద్ధిపాదములలో మొదటిది ఛందమే. కోరిక యనునదే కూడదన్నచో, కపిలవస్తువును విడిచి అర్ధరాత్రమున నడచిన సిద్ధార్థుని అడుగులను కదిలించినదేమి? ఆర్యమైన అన్వేషణము వేరు, అనార్యమైన అన్వేషణము వేరని యాతడే తన కథను చెప్పుకొనుచు విడమరచెను. ఈ రెండు మాటలను కలగాపులగము చేసి, తెలుగున ‘కోరిక’ యను నొక్క సంచిలో బోసి, ఆ సంచిని బీదవాని నెత్తి కెత్తుట పాండిత్యము కాదు, మోసము.

ఇక తృష్ణ యెవ్వరిదో భగవానుని నోటనే విందము. కురుదేశమున కమ్మాసధమ్మ మను పట్టణమున ఆనందునకు జేసిన మహానిదాన బోధలో ఒక గొలుసు కలదు. తృష్ణ వలన వెదకులాట; వెదకులాట వలన లాభము; లాభము వలన ఇది నాకు, ఇది నీకను నిర్ణయము; దాని వలన ఛందరాగము; దాని వలన అంటుకొనుట; అంటుకొనుట వలన పరిగ్రహము; పరిగ్రహము వలన పిసినితనము; పిసినితనము వలన కాపలా. ఇంతవరకు వచ్చి ఆగెనా? లేదు. కాపలా పెట్టినంతనే కఱ్ఱయు కత్తియు చేతికి వచ్చును. కలహము, వివాదము, నీవెంతయన నీవెంతయనుట, కొండెములు, అబద్ధములు వరుసగా దిగును. పాఠకులారా! ఈ గొలుసును మరియొకమారు చదివి చూడుడు. ఇది పూటగడవని వాని చరిత్రమా? వానికి లాభమెక్కడ, పరిగ్రహమెక్కడ? కాపలా పెట్టుటకు వాని కొంపలో నేమున్నది? ఇది కొట్లు నిండినవాని చరిత్రము. ప్రహరీగోడలు కట్టి పైన గాజుపెంకులు నాటువాని చరిత్రము. ఒక రాజ్యము చాలక సముద్రమునకు ఆవలి యొడ్డును గూడ గోరు రాజుల చరిత్రము. ఆ రాజుల మాట మా కల్పన కాదు; కురురాజు ముందర నిలిచి రాష్ట్రపాలుడను భిక్షువు నిర్భయముగా చెప్పినదే.

అట్లయిన దారిద్ర్యమును గూర్చి బుద్ధుడేమనెను? అంగుత్తరనికాయమున ఋణమును గూర్చిన సూత్రమొకటి కలదు. గృహస్థునకు దారిద్ర్యము దుఃఖమని మొదలిడి, దరిద్రుడు అప్పుచేయును, అప్పు దుఃఖము. వడ్డి కట్టవలసి వచ్చును, వడ్డి దుఃఖము. కట్టలేనప్పుడు అడుగుదురు, అదియు దుఃఖము. వెంటబడుదురు, అదియు దుఃఖము. తుదకు బంధింతురు, బంధనమును దుఃఖమే యని వరుసగా చెప్పుకొనిపోయెను. ఈ సూత్రము తుదకు ధర్మదారిద్ర్యమునకు దృష్టాంతముగానే వాడబడినదన్నమాట నిజమే. కాని దృష్టాంతమునకైనను అప్పులవాని బ్రదుకును ఇంత దగ్గరగా చూచిన కన్నులేవి? వడ్డికి పాళిలో ‘వడ్ఢి’ యనియే పేరు. ఇరువదియైదు శతాబ్దములు గడచినను ఆ మాటయు మారలేదు, ఆ క్రమమును మారలేదు. అనంతపురము మెట్టచేలలో పురుగుమందు డబ్బా చేతబట్టిన రైతు ఈ యారు మెట్లును దిగియే యచ్చటికి వచ్చెను. అతనికి ‘కోరిక తగ్గించుకొనుము’ అని బుద్ధుని పేర చెప్పవచ్చునా?

చెప్పవలసినది ఎవ్వరికో భగవానుడే చూపెను. మగధలో ఖానుమత మను బ్రాహ్మణ గ్రామమున కూటదంతుడను విప్రుడు వందలకొలది ఎద్దులను, మేకలను, గొఱ్ఱెలను యూపములకు గట్టించి యజ్ఞవిధానమడిగినప్పుడు, భగవానుడు పూర్వకాలపు మహావిజితరాజు కథ చెప్పెను. రాజ్యమంతయు దొంగలతో నిండినది. వధించుటచేతను, చెరబెట్టుటచేతను ఈ బాధ తీరదని పురోహితుడు రాజునకు హితవు చెప్పెను. కొట్టగా మిగిలినవారు మరల లేతురు. సేద్యము చేయువారికి విత్తనమును, పశువులకు మేతయు నిమ్ము, వర్తకులకు మూలధనమిమ్ము, కొలువు చేయువారికి అన్నమును జీతమును ఇమ్మనెను. రాజట్లు చేసెను. ప్రజలు తలుపులు తెరచియుంచి, బిడ్డలను ఒడిలో ఆడించుకొనుచు బ్రదికిరట. చక్రవర్తి సింహనాద సూత్రమున దీనికి మారుపక్షము చూపబడినది. రాజు కాపాడుటయందు లోపము చేయలేదు. బీదలకు ధనమిచ్చుటయందు మాత్రమే లోపము చేసెను. అంతతో దారిద్ర్యము ప్రబలెను. దారిద్ర్యము వలన దొంగతనము పుట్టెను. అప్పుడు రాజు మేల్కొని, పట్టుబడిన దొంగకే ధనమిచ్చి పంపెను. దొంగిలించిన వానికే యిచ్చుచున్నారని విని మరికొందరు దొంగలైరి. రాజు భయపడి తలలు తీయించెను. తలలు తీయుట చూచి దొంగలును ఆయుధములు చేబట్టిరి. ఆయుధము వలన హత్య, హత్య వలన అసత్యము, అట్లు మనుష్యుల ఆయువు సైతము క్షీణించినదని యా కథ. సమయము మీరిన దానము, సమయము మీరిన దండనము రెండును ఎట్లు చెడునో ఇంత సూక్ష్మముగా చూచినవానిని, లోకమును వీడి యడవికి బొమ్మనిన సన్న్యాసిగా మాత్రమే చిత్రించుట అన్యాయము.

మన ఆచార్య నాగార్జునుడును ఈ మార్గమునే త్రొక్కెను. శాతవాహన ప్రభువునకు వ్రాసినదని పరంపర చెప్పు రత్నావళిలో, శూన్యతను బోధించిన యా నోటనే, కష్టమున పడిన కర్షకులకు విత్తనమును గ్రాసమును ఇమ్మనియు, అధికమగు పన్నులను తొలగింపుమనియు, చెరలోనున్నవారికి మంగలిని, స్నానమును, అన్నపానములను, మందును ఏర్పాటు చేయుమనియు హితము చెప్పెను. శూన్యవాది కేల మంగలి చింత? ఈ ప్రశ్న అడుగువారు ఆయన శూన్యమును ఎన్నడును ఎరుగరు.

బౌద్ధము నిరాశావాదమను మాటను గూర్చి మేమెక్కువ వ్రాయము. రోగమున్నదని చెప్పి, కారణము చూపి, నయమగునని ధైర్యము చెప్పి, పథ్యము విధించిన వైద్యుని నిరాశావాది యనువారుండరు. అయినను ఈ సందేహమును లేవదీసినవారిలో డాక్టరు అంబేద్కరు ఒకరు గావున, దానిని త్రోసివేయరాదు. 1956 అక్టోబరు 14వ తేదీన నాగపురమున లక్షలాది జనముతో బౌద్ధమును స్వీకరించిన యా మహాశయుడు, ఆయన మరణానంతరము 1957లో వెలువడిన తన గ్రంథముయొక్క ఉపోద్ఘాతమున, జీవితమంతయు దుఃఖమే, జన్మము దుఃఖము, మరణము దుఃఖమన్నచో మనుష్యునకు ఆశయేమి మిగులునని అడిగి, నాలుగు ఆర్యసత్యములు అసలు బుద్ధునివేనా యని శంకించెను. ఆ శంక ఎచ్చటనుండి వచ్చెనో మాకు తెలియును. ఎవ్వరి దుఃఖమునకు కారకులు ఊరి నడుమ కాలుమీద కాలువేసుకొని కూర్చుండిరో, ఆ దుఃఖితునకు ‘నీ మనస్సే కారణము’ అని చెప్పు ధర్మము ఆయనకు అక్కరలేదు. న్యాయమే. కాని, ఆర్యసత్యములను విడనాడవలసిన పనిలేదని మా యభిప్రాయము. భగవానుడు రెండు బాణముల ఉపమానము చెప్పెను: దేహమున గ్రుచ్చుకొనునది మొదటి బాణము, దానికై వగచి కుమిలి మనస్సున దానే గ్రుచ్చుకొనునది రెండవది. రెండవదానిని తీయు విద్య ఎవ్వరికి వారు నేర్వదగినదే. అంతమాత్రమున మొదటి బాణమును వేసిన విలుకానికి క్షమాపణపత్రము వ్రాసి యిచ్చినట్లు కాదు గదా!

నేటి కొన్ని వ్యాపారసంస్థలు ఈ రెండవ బాణపు విద్యను మాత్రము కొనుక్కొని తమ ఉద్యోగులకు ధ్యానతరగతులు పెట్టించుచున్నవి. పనిగంటలు తగ్గవు, శ్వాసను గమనింపవలెను. పగలంతయు ప్రకటనలతో జనుల తృష్ణను రగుల్చు వ్యాపారము, సాయంకాలము తన నౌకరులకు తృష్ణాక్షయమును బోధించుట ఈ యుగపు వింతలలో నొకటి.

ఇక పూర్వజన్మ కర్మమను నెపము. ‘వాడు చేసికొన్నది వాడనుభవించుచున్నాడు’ అని బుద్ధుడును చెప్పెను గదా యని కొందరందురు. చెప్పలేదు. మూడు వాదములు మనుష్యుని చేతులు కట్టివేయునని యాతడు అంగుత్తరనికాయమున స్పష్టముగా ఖండించెను. సుఖదుఃఖములన్నియు పూర్వకర్మము వలననే యనుట ఒకటి. అన్నియు ఈశ్వరనిర్మితములే యనుట ఒకటి. అన్నియు అహేతుకములే యనుట ఒకటి. ఈ మూటిలో దేనిని పట్టుకొన్నను, ఇది చేయదగినది, ఇది చేయరానిదను నిశ్చయమును, చేయవలెనను యత్నమును నశించునని యాతని యాక్షేపణ. హంతకుడు పూర్వకర్మము చేత హంతకుడైనచో, ఈశ్వరసంకల్పము చేత హంతకుడైనచో, వానిని ఏమనగలము? మోళియ శివకుడను పరివ్రాజకుడు ఈ ప్రశ్ననే అడుగగా, వేదనలకు ఎనిమిది కారణములను లెక్కించి చెప్పెను: పిత్తము, శ్లేష్మము, వాతము, ఈ మూటి సన్నిపాతము, ఋతువుల మార్పు, విషమాచరణము, ఇతరులు చేయు హింస, తుదకు కర్మవిపాకము. ఎనిమిదింటిలో కర్మము ఒక్కటి! మిగిలిన యేడింటికి వైద్యుడు కావలెను, న్యాయాధిపతి కావలెను, మంచి నీరు కావలెను, మంచి యిల్లు కావలెను. అంటరానివాడని వెలివేయబడినవాని దుఃఖము ఏ కోవలోనిదో చెప్పుటకు అభిధర్మము చదువనక్కరలేదు.

ఈశ్వరుని ప్రశ్నయు దీనితో పెనవేసికొన్నదే. ‘బుద్ధుడు దేవుని గూర్చి మౌనము వహించెను’ అనుట మనలో విద్యావంతులకు గూడ నొక అలవాటైనది. మౌనము వహించిన ప్రశ్నలు పది. మాలుంక్యపుత్రుడు పట్టుబట్టి యడిగినవి అవియే: లోకము శాశ్వతమా, అశాశ్వతమా, అంతము కలదా, లేదా, జీవుడును శరీరమును ఒక్కటా, వేరా, తథాగతుడు మరణానంతరము ఉండునా, ఉండడా, రెండునా, రెండును కాదా. ఈ పదింటిలో ఈశ్వరుడెక్కడ? విషబాణము తగిలినవాడు వేసినవాని కులగోత్రములు తెలియువరకు బాణమును తీయనీయనన్నట్లున్నదని యాతడు మందలించినది ఈ పదింటిని గూర్చియే. సృష్టికర్తను గూర్చి ఆతడు మాటలాడెను, నవ్వుచు మాటలాడెను.

బ్రహ్మజాల సూత్రమున నొక కథ. లోకము మరల విప్పారునప్పుడు శూన్యమగు బ్రహ్మవిమానమున నొక జీవి మొదట పుట్టును. చిరకాల మేకాకిగా నుండి విసిగి, తోడు దొరికిన బాగుండునని కోరును. అంతలో తమ పుణ్యము తీరిన మరికొన్ని జీవులు అచ్చట పుట్టును. ‘నేను కోరితిని, వీరు వచ్చిరి, కావున వీరిని నేనే సృజించితిని’ అని మొదటివాడనుకొనును. ‘మనకు ముందే యున్నాడు గావున ఈతడే మన కర్త’ యని తరువాతివారనుకొందురు. కేవట్ట సూత్రమున మహాభూతములు ఎచ్చట నిరవశేషముగా నిరోధమగునని యడుగుచు ఒక భిక్షువు స్వర్గములన్నియు దాటి మహాబ్రహ్మ యొద్దకు బోవును. ‘నేను బ్రహ్మను, కర్తను, సర్వజ్ఞుడను’ అని యాతడు బిరుదులు చదువును. ‘నే నడిగినది అది కాదయ్యా’ యని భిక్షువు మూడుమారులు అడుగగా, చేయిపట్టుకొని చాటునకు దీసికొనిపోయి, ‘దేవతల యెదుట చెప్పలేకపోతిని, నాకును తెలియదు, పోయి బుద్ధుని నడుగుము’ అని పంపివేయును. దేవదహ సూత్రమున చెప్పిన పరిహాసము మరింత పదునైనది: దుఃఖము ఈశ్వరదత్తమైనచో, ఇంత ఘోరతపస్సుతో బాధపడుచున్న నిర్గ్రంథులను ఎవడో చెడ్డ యీశ్వరుడు సృష్టించియుండవలెను! ఇది మౌనమా?

అతడు దేవతలనే లేరనలేదు, అది నిజము. ఇంద్రుడును బ్రహ్మయు ఆయన సభలో వచ్చి కూర్చుందురు. కాని వారును పుట్టువారు, గిట్టువారు. వారికి మ్రొక్కిన దుఃఖము తీరదు. అందుచేత నేటి భౌతికవాదులు ఆతడు తమవాడేనని సంబరపడుటకును వీలులేదు. మరణముతో నంతయు ముగియునన్న అజితకేశకంబలుని ఉచ్ఛేదవాదమును ఆయన అంతే గట్టిగా నిరాకరించెను. పునర్జన్మమును, కర్మఫలమును, నిర్వాణమును నిక్కువమని నమ్మినవానినుండి ఆ మూటిని కోసివేసి, మిగిలిన ముక్కకు బుద్ధుడని పేరుపెట్టుట పరిశోధన కాదు.

ఈ బుద్ధుని మనమేమి చేసితిమి? అవతారమును జేసితిమి. జయదేవుని వంటి సహృదయుడు జీవహింసను నిందించిన కరుణామూర్తిగా కీర్తించెను, మంచిది. కాని భాగవతము ఆ యవతారమునకు జెప్పిన ప్రయోజనమేమి? దేవద్వేషులను మోహపెట్టుట! అనగా ఆతడు బోధించినది అసత్యమే గాని, తెలిసి బోధించిన దివ్యాసత్యమన్నమాట. ఇట్టి సత్కారముకంటె తిరస్కారము మేలు. శంకరులు బుద్ధుని బోధ పరస్పరవిరుద్ధమని మొగము మీదనే తెగడెను. ఉదయనుడు న్యాయకుసుమాంజలిని వ్రాసి ఈశ్వరుని తర్కముచే సాధింపబూనెను. ఆతనికి ముందు ధర్మకీర్తి ప్రమాణవార్తికమున, పిదప రత్నకీర్తి ప్రత్యేక ప్రబంధమున ఈశ్వరసాధనమును ఖండించిరి. వారు పరస్పరము గౌరవించుకొన్న శత్రువులు. జడమగు కర్మమునకు ఫలమిచ్చు చేతనుడు వలదా యని నైయాయికుడడిగిన ప్రశ్న బలమైనదే. విత్తునుండి మొలక వచ్చుటకు ఎవ్వడు ఆజ్ఞ యిచ్చునని బౌద్ధుని ప్రత్యుత్తరము. ఎవ్వరి పక్షమైన వహింపవచ్చును. ప్రతివాదిని కౌగిలించుకొని ఊపిరాడకుండ జేయుట మాత్రము వాదము కాదు. అంబేద్కరు తన యనుయాయులచే చేయించిన ఇరువదిరెండు ప్రతిజ్ఞలలో, బుద్ధుడు విష్ణ్వవతారమని నమ్మననుట యొకటిగా నేల చేర్చెనో ఇప్పుడైన మనకు బోధపడవలెను.

ఈ దోషమంతయు పరులదేయని మన తెలుగువారు చేతులు కడుగుకొనరాదు. అంధకులని థేరవాదులు పేర్కొన్న మన పూర్వశైల అపరశైలాది శాఖలవారు బుద్ధుని సామాన్యవ్యవహారము సైతము లోకోత్తరమని వాదించి, ఆతనిని మనుష్యత్వమునుండి కొంత దూరము జరిపిరి. అయినను అమరావతి తొలి శిల్పి బుద్ధుని మూర్తిని చెక్కలేదు. పాదముద్రలను, చక్రమును, బోధివృక్షము క్రింద శూన్యమగు ఆసనమును చెక్కెను. ఆ ఫలకములలో పెక్కు నేడు లండను మ్యూజియమున నున్నవి. వానికి మారుగా మనము హుస్సేను సాగరమునను, అమరావతిలోను మహావిగ్రహములు నిలిపితిమి. నాగార్జునసాగరము చెంత 2022లో బుద్ధవనము తెరచితిమి. యాత్రికులు వత్తురు, ఛాయాచిత్రములు తీసికొందురు. విగ్రహము క్రింద కూటదంత సూత్రమును తెలుగున చెక్కించినవారున్నచో, రాజు లేమి చేయవలెనో రాజులే చదువుకొనియుందురు.

కోరికలు తగ్గించుకొమ్మని బీదలకు బోధించు మహాశయులకు ఒక్క కథ చెప్పి విరమింతుము. ఇది ధమ్మపద వ్యాఖ్యలోనిది. ఆళవి యను పట్టణమున నొక బీదరైతు ధర్మము వినవలెనని యాశపడెను. సరిగా ఆనాడే వాని యెద్దు తప్పిపోయెను. ఎద్దును వెదకిపట్టి మందలో జేర్చి, పొద్దెక్కినపిమ్మట ఆకలితో నకనకలాడుచు సభకు వచ్చెను. అప్పటికి భిక్షువుల భోజనములైనవి. భగవానుడు వానికొరకే మౌనముగా వేచియుండెను. రాగానే, మిగిలిన అన్నమేమైన నున్నదా యని అడిగి, వానిని కూర్చుండబెట్టి తినిపింపుమనెను. త్రిపిటకములలో మరెచ్చటను ఆయన ఒకరి భోజనమును గూర్చి ఇట్లు విచారింపలేదని వ్యాఖ్యాత ప్రత్యేకించి చెప్పినాడు. వాడు తిని తెరపినపడిన తరువాతనే బోధ ప్రారంభమయ్యెను. తిరుగుదారిలో భిక్షువులు, శాస్త యొక గృహస్థుని భోజనమునకు ఏర్పాటు చేయుట యేమని గొణుగుకొనిరి. ముప్పది యోజనములు తాను నడచివచ్చినది ఆ రైతుకొరకేననియు, వాడు తెల్లవారినది మొదలు అడవిలో ఎద్దుకై తిరిగి అలసియుండెననియు, ఆకలిబాధతో నున్నవానికి ధర్మము చెవికెక్కదనియు ఆయన వారికి చెప్పెను.